పదకొండో కుర్చీకి వచ్చే నీళ్లు

శనివారం పొద్దున్న తొమ్మిదీ అయిదుకి నర్సు హనియ్యా ఆసుపత్రిలో, మూసేసిన డయాలసిస్ వార్డు ముందు గదిలోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. పదిన్నరకి ప్రాసిక్యూటర్ షహీర్ జుల్ఫికార్ వస్తాడు. వచ్చి నాలుగు రోజుల కస్టడీ కాగితం మీద సంతకం పెడతాడు. పొడిగిస్తూ పోతే ఆ నాలుగు పదిహేనవుతాయి, పదిహేను నలభై అయిదవుతాయి. ఆ లెక్క హనియ్యాకి తెలుసు. కేసు దర్యాప్తు చేస్తున్న పోలీసు మేజర్ వగ్దీ షర్నూబీకి ఇంకా బాగా తెలుసు. అలాంటి కాగితాలు అతని చేతుల మీదుగా చాలానే వెళ్లాయి.

గంటా ఇరవై అయిదు నిమిషాలుంది.

గత శనివారం ఆ వార్డులో మొదటి షిఫ్టుకి పన్నెండు మంది కూర్చున్నారు. ఏడు గంటలకి మిషన్లు మొదలయ్యాయి. ఏడూ నలభైకి తొమ్మిదో కుర్చీలో మనిషికి వణుకు పుట్టింది. ఎనిమిది లోపల పది, పదకొండు, పన్నెండు కుర్చీల వాళ్లూ పళ్లు కొట్టుకుంటూ దుప్పట్లు అడిగారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్నవాళ్లకి ఏమీ కాలేదు. సాయంత్రానికి ముగ్గురు పోయారు. పన్నెండో కుర్చీ మనిషి మాత్రం బతికాడు. నలుగురి రక్తంలోనూ ఒకటే సూక్ష్మజీవి, సూడోమొనాస్.

షహీర్ వాదన సూటిగా ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు సీసాలు హనియ్యా ఆ రోజు మూడు తెరిచింది. మూడో సీసా తొమ్మిదో కుర్చీ దగ్గర మొదలైంది. చెత్తబుట్టలో దొరికిన ఆ సీసా మూతి మీద అదే సూక్ష్మజీవి ఉంది. కాబట్టి హనియ్యా చెయ్యి.

"మూడో సీసా ఎన్నింటికి తెరిచావు?"

"ఏడూ పన్నెండుకి, పాషా." పోలీసు అధికారిని పాషా అనీ, ప్రాసిక్యూటర్ని బే అనీ పిలవడం అక్కడి మర్యాద.

"ఎవరెవరికి ఇచ్చావు?"

"తొమ్మిది, పది, పదకొండు."

"పన్నెండుకి?"

"ఆయనకి ఇవ్వలేదు. గురువారం పన్ను పీకించుకున్నాడు. నోట్లో ఇంకా దూది పెట్టుకునే వచ్చాడు. ఆ మందిస్తే రక్తం కట్టదు కదా."

వగ్దీ కలం ఆగింది. మందు తీసుకోని మనిషికీ వణుకు వచ్చింది. అయితే సీసా కాదు.

"ఈ మాట ప్రాసిక్యూటర్ గారికి చెప్పావా?"

"అడగలేదు పాషా. ఎన్ని సీసాలు తెరిచావన్నారు, మూడన్నాను. మూడోది ఎక్కణ్ణించన్నారు, తొమ్మిది నుంచన్నాను. రాసేసుకున్నారు."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పాతికేళ్లుగా ఆ వార్డులో పనిచేస్తున్న మనిషి. సంచిలోంచి స్కూలు పిల్లలు రాసుకునే గళ్ల నోటుపుస్తకం ఒకటి తీసి ముందుకి తోసింది. ఆసుపత్రి రిజిస్టరు కాదు, తన సొంతానికి రాసుకున్నది. వగ్దీ పేజీలు తిప్పాడు. శనివారం, చలి, పదకొండు. శనివారం, చలి, తొమ్మిది, పన్నెండు. జ్వరం మాత్ర వేశాను, తగ్గింది. అన్నీ శనివారాలే. అన్నీ ఎనిమిది దాటిన కుర్చీలే. పెద్ద డాక్టరుకి రెండుసార్లు చెప్పాననీ, తెల్లారకుండా మైక్రోబస్సుల్లో వస్తారు కాబట్టి చలి తగిలి ఉంటుందని ఆయన అన్నాడనీ హనియ్యా చెప్పింది.

మొట్టమొదటి చలి ఏ తారీఖున రాసుందో వగ్దీ వెతికాడు. నాలుగు నెలల కిందట. అంతకు ముందు ఒక్కటీ లేదు.

ఆ తారీఖు మీద అతని వేలు కొంచెంసేపు నిలిచిపోయింది. దానికి సరిగ్గా అయిదు వారాల ముందు ఈ వార్డు బయట వరండాలో ఒక చిన్న పని జరిగింది. అది తన ఇంటి పని. ఆ మాట బయటికి అనలేదు.

హనియ్యా అతని మొహంలోకి చూసి వేరే ఏదో అనుకున్నట్టుంది. మెల్లిగా అంది.

"మీకో సంగతి చెప్పాలి పాషా. మళ్లీ చెప్పే వీలుంటుందో ఉండదో. మీ అమ్మగారికి నేను ఐసుముక్కలు ఇచ్చేదాన్ని. రోజుకి రెండు. మీకు తెలిస్తే కోప్పడతారని చెప్పలేదు."

వగ్దీ తలూపాడు.

వగ్దీ తల్లి హాజ్జా నఫూసా అదే వార్డులో పదకొండో కుర్చీలో రెండేళ్లు కూర్చుంది. పోయింది గుండె ఆగి, దీనితో సంబంధం లేదు. కిడ్నీలు పోయినవాళ్లు రోజుకి లీటరు దాటి తాగకూడదు. ఆ ఇంట్లో చదువుకున్నది వగ్దీ ఒక్కడే. డాక్టరు రాసిన కాగితం చదవగలిగినవాడూ అతనే, గ్లాసు కొలిచి పోసేవాడూ అతనే. చివరి గురువారం ఆవిడ ఒక్క గుక్క చల్లటి నీళ్లు పొయ్యరా అంది. అతను తడిగుడ్డతో పెదవులు తుడిచాడు. నలభయ్యో రోజున ఆవిడ పేరు మీద వార్డు వరండాలో వాటర్ కూలర్ పెట్టించాడు. అక్కడ అందరూ చేసే పనే. పోయినవాళ్ల పేరున దాహం తీరిస్తే ఆ పుణ్యం వాళ్లకి చేరుతూనే ఉంటుంది.

కేసు తన చేతికి వచ్చిన రోజు ఈ సంగతి పై అధికారికి చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నీళ్లు తాగే డబ్బాకీ రక్తంలో సూక్ష్మజీవికీ ఏం సంబంధమనుకున్నాడు. ఆ రోజు విచారణ మధ్యలో తనే రెండు గ్లాసులు తాగాడు కూడా.

తొమ్మిదీ నలభైకి డాక్టర్ ఇన్సాఫ్ దమాటీ వచ్చింది. విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల శాఖ ఆవిడది. యాభై దాటిన మనిషి. చేతిలో ఫైలు, ఇంకో చేతిలో సగం తిన్న ఫూల్ శాండ్‌విచ్, ఉడికించిన చిక్కుడుగింజలది. గత శనివారం వణుకు కబురు అందగానే పరిగెత్తుకొచ్చి, ఎనిమిదీ ఇరవైకి పదకొండో కుర్చీ వెనక గోడ కుళాయి నుంచి నీళ్లు పట్టింది ఆవిడే. పట్టిన మరుక్షణం వాటిని నిలవమందులో కలిపేసింది. ఆ తొందర ఎందుకో వగ్దీకి ఇప్పుడు చెప్పింది.

"ఒకే మనిషి ఇంట్లో ఒకలా ఉంటాడు, బజార్లో ఒకలా ఉంటాడు. మనిషి మారడు, నడత మారుతుంది. ఈ సూక్ష్మజీవీ అంతే. జన్యువులన్నీ ఎప్పుడూ దాని దగ్గరే ఉంటాయి, కానీ ఎప్పుడు ఏది పనిచేస్తుందన్నది అది ఉన్న చోటుని బట్టి. ఒంటరిగా నీళ్లలో ఈదేటప్పుడు తోక జన్యువులు పనిచేస్తాయి. ఏ గొట్టం గోడో దొరికి గుంపుగా కాపరం పెట్టిందనుకోండి, తోకవి కట్టేస్తుంది, జిగురు జన్యువులు తెరుస్తుంది. ఆ జిగురుతో పొర కట్టుకుని అందులో కూర్చుంటుంది. మందులు కూడా లోపలికి సరిగ్గా దిగవు."

ఏ జన్యువు పనిచేస్తుంటే దాని నకళ్లు కణంలో తిరుగుతుంటాయనీ, అవి నిమిషాల్లో చెదిరిపోతాయనీ, అందుకే నిలవమందులో ముంచాననీ వివరించింది. అంటే ఎనిమిదీ ఇరవైకి అది ఏం చేస్తోందో ఆ పని అలాగే ఆగి ఉంది.

"ఏం చేస్తోంది డాక్టరమ్మా?"

"తోక కట్టేసి ఉంది. జిగురు పూర్తిగా తెరిచి ఉంది. సీసా మందులో ఈదుతూ పెరిగింది కాదిది. నెలల తరబడి గొట్టంలో పేరుకున్న పొర, ఆ పొద్దున్న పెచ్చులుగా ఊడి వచ్చింది. సీసా మూతి మీద దొరికిందంటారా, ఆ బుట్టలోనే పదకొండో మిషన్ గొట్టాలు కూడా పడేశారు. తడి అంటుకుంటే మూతి మీదే కాదు, బుట్ట పిడి మీదా దొరుకుతుంది." ఆవిడ శాండ్‌విచ్ చివరి ముక్క నోట్లో వేసుకుని, నమిలి, ఆగింది. "ఇంకొకటుంది. అది నాకే అర్థం కాలేదు. చలికి అలవాటు పడ్డప్పుడు పనిచేసే జన్యువులు కూడా తెరిచి ఉన్నాయి. డయాలసిస్ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. గొట్టాలు గది వేడిలో ఉంటాయి. ఈ వార్డులో చల్లటి చోటెక్కడుంది?"

మూసేసిన వార్డు నిశ్శబ్దంగా ఉంది. గోడకి అవతల కూలర్ మోటారు గుర్రుమంటోంది.

ఇద్దరూ లోపలికి నడిచారు. వార్డు చివర నీళ్లు శుద్ధి చేసే గది ఉంది. అక్కణ్ణించి ఒక ప్లాస్టిక్ గొట్టం గోడ వెంట ఒకటో కుర్చీ దగ్గర మొదలై, ఒక్కో కుర్చీకి ఒక్కో కుళాయి ఇచ్చుకుంటూ పన్నెండు దాకా వెళ్లి, తిరిగి గదికి చేరుతుంది. అందులో నడిచే నీళ్లకి క్లోరిన్ కూడా తీసేస్తారనీ, శుభ్రమైనవే గానీ కాపలా లేని నీళ్లనీ ఇన్సాఫ్ అంది.

వగ్దీ ఒకటో కుర్చీ నుంచి గొట్టం మీద చెయ్యి వేసి నడవడం మొదలుపెట్టాడు. రెండు, మూడు, నాలుగు. పొడిగా, వెచ్చగా ఉంది. ఏడు. ఎనిమిది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య వేలికి తడి తగిలింది.

గొట్టానికి చెమట పట్టింది.

వంగి చూశాడు. అక్కడొక టీ జాయింటు ఉంది. గోడ రంగే దానికీ వేశారు, అందుకే ఇన్నాళ్లూ కంటికి ఆనలేదు. దాని నుంచి ఒక సన్నటి గొట్టం గోడలోకి దూరిపోయింది. దాని మీద చిన్న వాల్వు. వెనక్కి నీళ్లు రాకుండా ఆపే బిళ్ల ఉందా అని ఇన్సాఫ్ గోరుతో కీళ్లన్నీ తడిమి చూసింది. లేదు.

"శుక్రవారం సెలవు. పంపు ఆపేస్తారు," అంది తనలో తను లెక్కవేసుకుంటున్నట్టు. "నీళ్లు రోజంతా కదలవు. శనివారం పొద్దున్న పంపు వెయ్యగానే ఒక్కసారి లాగుతుంది. పెచ్చులు ఊడతాయి. ఊడినవి ముందుకి పోతాయి గానీ వెనక్కి రావు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు." తలెత్తింది. "గోడకి అవతల ఏముంది పాషా?"

"మా అమ్మ," అన్నాడు వగ్దీ.

ఆవిడకి అర్థం కాలేదు. వరండాలోకి తీసుకెళ్లి చూపించాడు. స్టీలు కూలర్, గొలుసుతో కట్టిన రెండు గ్లాసులు, పైన ఇత్తడి రేకు. ఇన్సాఫ్ ఆ రేకు చదివింది. కూలర్ ప్లగ్గు పీకేసి, వెనక గొట్టం విప్పి, లోపల దూదిపుల్ల తిప్పింది. పచ్చటి జిగురు వచ్చింది.

సరిగ్గా పదిన్నరకి షహీర్ జుల్ఫికార్ వచ్చాడు. వెనకే గుమాస్తా, ఫైలు, స్టాంపు. తండ్రి జడ్జి, తాత జడ్జి, అతనికింకా ముప్ఫై నిండలేదు. వగ్దీ పన్నెండో కుర్చీ సంగతీ, నోటుపుస్తకం సంగతీ, జన్యువుల సంగతీ వరసగా చెప్పాడు. షహీర్ ఓపిగ్గా విన్నాడు. పన్నెండో కుర్చీ మాట వచ్చినప్పుడు మాత్రం ఫైలు తిప్పి చూసుకున్నాడు. చివరికి నవ్వాడు.

"మేజర్, సూక్ష్మజీవి దగ్గర కూడా వాంగ్మూలం తీసుకున్నారన్నమాట. ఏమందది?"

"చలేసిందంది, షహీర్ బే."

"సంతకం పెట్టిందా?"

"మనుషుల సంతకాలకంటే గట్టిదే పెట్టింది," అంది ఇన్సాఫ్. "కావాలంటే రాజధాని లాబ్‌లో మళ్లీ చేయించుకోండి."

షహీర్ నవ్వు ఆపి వరండాలోకి నడిచాడు. అతను తెలివితక్కువవాడు కాదు. కూలర్ ముందు నిలబడి ఇత్తడి రేకు పైకి చదివాడు. "హాజ్జా నఫూసా షర్నూబీ జ్ఞాపకార్థం. తాగినవారు ఆమె కోసం ప్రార్థించండి." వెనక్కి తిరిగాడు.

"షర్నూబీ. మీకేమవుతుంది?"

"మా అమ్మ."

"ఈ మాట మీ ఫైల్లో ఏ పేజీలో ఉంది?"

వగ్దీ తన ఫైలు మూసేశాడు.

"లేదు," అన్నాడు షహీర్. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "వారం రోజులు మీ ఇంటి కూలర్ పక్కనే కూర్చుని దర్యాప్తు చేశారు. ఇప్పుడు మీరు తెచ్చిన నోటుపుస్తకం, మీరు పిలిపించిన డాక్టరు, మీరు తడిమిన గొట్టం, ఏ కోర్టు నమ్ముతుంది? తల్లి పేరు మీద మచ్చ పడకుండా కథ అల్లాడంటారు. లేదా నర్సుని కాపాడటానికంటారు. ఏదన్నా తప్పే. నా దగ్గర సీసా ఉంది, దానికి చుట్టాలెవరూ లేరు." గుమాస్తా వైపు చెయ్యి చాపాడు. "కాగితం ఇలా ఇవ్వు."

తలుపు దగ్గర హనియ్యా నిలబడి ఉంది. అంతా వింది. తన నోటుపుస్తకం వైపు చూసిందే గానీ వగ్దీ వైపు చూడలేదు.

ఆమెని బయటపడేసే సాక్ష్యమంతా దొరికింది. వారం కిందట చెప్పాల్సిన ఒక్క మాట చెప్పనందుకు అదంతా ఇప్పుడు చిత్తుకాగితం. అది తన పనే. వగ్దీ గుర్తింపు కార్డు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే నన్ను దర్యాప్తు నుంచి తీసెయ్యండి షహీర్ బే. సాక్షిగా రాసుకోండి. ఇక నుంచి ప్రశ్నలు మీరే అడగండి. ముందు ఒక్క మనిషిని అడగండి చాలు. ఆ గొట్టం కలిపిన మేస్త్రీని. అతను చెప్పాక కూడా హనియ్యా పేరే రాయాలనిపిస్తే రాయండి, నేను నోరెత్తను."

షహీర్ గడియారం చూసుకున్నాడు. పదీ నలభై. ఆ కార్డు వైపు కూడా ఒకసారి చూశాడు.

"పది నిమిషాలు," అన్నాడు. "ఫైల్లో ఆ పన్నెండో కుర్చీ ఒకటి నాకూ కుదరడం లేదు."

ఆసుపత్రి నీళ్లూ గొట్టాలూ చూసే మేస్త్రీ, అందరూ ఉస్తా అని పిలిచే బయ్యూమీని కింద నుంచి పిలిపించారు. లావుపాటి మనిషి, నడుముకి పానాల పటకా. కూలర్ ప్లగ్గు పీకేసి ఉండటం చూసి మొదట అతనే నొచ్చుకున్నాడు. ఇంత ఎండలో జనం ఏం తాగుతారన్నాడు. షహీర్ అడిగిన మొదటి ప్రశ్నకే అంతా చెప్పేశాడు. దాచుకోవలసింది ఏదైనా ఉందని అతనికి తోచనే లేదు.

కలిపింది తనే. గురువారం సాయంత్రం గొట్టాలన్నిటినీ మందునీళ్లతో కడిగేదీ తనే. కడిగేటప్పుడు కూలర్ వాల్వు కట్టేస్తాడు, ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఆ మందు తాగేవాళ్ల కడుపులోకి వెళితే పాపం కదా అన్నాడు. ఇన్సాఫ్ కళ్లు మూసుకుంది. అయిదు నెలలుగా మిగతా గొట్టమంతా వారం వారం కడిగారు, ఆ ఒక్క మూర తప్ప.

"ఊరి నీళ్ల లైను పక్కనే ఉంది కదా," అన్నాడు షహీర్. "రోగుల రక్తానికి వాడే నీళ్లలోంచి ఎందుకు లాగావు?"

బయ్యూమీ వగ్దీ వైపు తిరిగాడు. మొహంలో భయం లేదు, గుర్తు చేస్తున్నవాడి చనువు ఉంది.

"ముందు ఊరి లైనుకే కలిపాను బే. పాషా గారు ఒక గుక్క తాగి ఉమ్మేశారు. తుప్పు వాసనన్నారు. నిజమే, వస్తుంది. అప్పుడన్నారు, ఉస్తా, మా అమ్మ తాగాల్సొస్తే ఈ నీళ్లే పోస్తావా అని. నాకు సిగ్గేసింది. వార్డులో ఇంతకంటే మంచివి ఉన్నాయి పాషా అన్నాను. అయితే అవే పెట్టు అన్నారు. పెట్టాను. పని శుభ్రంగా చేశావని నా భుజం తట్టారు కూడా."

వగ్దీకి అంతా గుర్తొచ్చింది. ఆ గుక్క రుచి, ఆ మాట అన్న తన గొంతు. మరిచిపోలేదు నిజానికి. వారం రోజులుగా దాని చుట్టూ తిరిగి నడిచాడు.

గుమాస్తా కలం కాగితం మీద తిరుగుతోంది. షహీర్ కస్టడీ కాగితాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టాడు. ఇంక పంపించేస్తారనుకున్నాడో ఏమో, బయ్యూమీ పటకా సర్దుకుంటూ ఇంకో మాట అన్నాడు.

"ఇందులో తప్పుంటే అక్కడిది కూడా విప్పెయ్యాలా బే?"

"ఎక్కడిది?"

కాలవ అవతలి పట్నంలో డయాలసిస్ కేంద్రం ఉందనీ, అక్కడ ఒకాయన భార్య పోతే ఇదే కూలర్ చూసి ముచ్చటపడి తనని పిలిపించాడనీ చెప్పాడు. మేజర్ గారి అమ్మగారికి కలిపినట్టే కలపమన్నాడట. కలిపి రెండు నెలలైంది.

వార్డు మూసినప్పుడు ఇక్కడి రోగుల్ని పంపింది ఆ కేంద్రానికే. ఆ కాగితం మీద సంతకం వగ్దీది.

"శనివారం వాళ్లు ఎన్నింటికి మొదలుపెడతారు?" అన్నాడు వగ్దీ.

హనియ్యా జవాబిచ్చింది, ఈసారి సూటిగా అతన్నే చూస్తూ. "పదకొండుకి పాషా. డాక్టరు అలెగ్జాండ్రియా నుంచి రావాలి."

పదీ యాభై రెండు. ఆమె నంబరు చెబుతుంటే వగ్దీ నొక్కాడు. అవతల డాక్టరు ఫోనెత్తాడు. రైలు ముందే అందింది, పదిన్నరకే మొదలుపెట్టేశామన్నాడు హుషారుగా. ఇక్కడ నలభయ్యో నిమిషానికి వణుకు పుట్టింది. అక్కడ ఇరవై రెండు నిమిషాలు అయిపోయాయి.

"అన్ని మిషన్లూ ఆపండి డాక్టర్. ఇప్పుడే. గొట్టాలు బిగించెయ్యండి, రక్తం లోపలికి పోనివ్వకండి."

డాక్టరు హుషారు పోయింది. ఎనిమిది మంది రక్తం బయట తిరుగుతోందనీ, ఆర్డరు లేకుండా ఆపి రేపు తను ఎవరికి జవాబు చెప్పుకోవాలనీ అడిగాడు. అసలు నీళ్లు చెడ్డాయని మీకెలా తెలుసన్నాడు. వగ్దీ షహీర్ వైపు చూశాడు. షహీర్ ఆర్డరు కాగితం కోసం ఫైలు తడుముతున్నాడు. దానికి రాతలు కావాలి, స్టాంపు కావాలి. అంత టైము లేదు.

"మీ వరండాలో కూలర్ ఏ గొట్టానికి కలిపారో నాకు తెలుసు," అన్నాడు వగ్దీ. "ఇక్కడ అలాగే కలిపారు. ముగ్గురు పోయారు. అలా కలపమన్నది నేనే. మేజర్ వగ్దీ షర్నూబీ. రేపు జవాబు నేను చెబుతాను, మీరు ఆపండి."

గుమాస్తా కలం ఎత్తి షహీర్ మొహంలోకి చూశాడు.

"రాయి," అన్నాడు వగ్దీ అతనితో.

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. పరుగులు. తర్వాత ఒక మిషన్ కీచుమని ఆగింది. రెండోది. మూడోది. వగ్దీ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. పక్కన హనియ్యా కూడా లెక్కపెడుతోంది. ఆరు. ఏడు.

ఎనిమిదోది ఎంతకీ వినపడలేదు.

డాక్టరు మళ్లీ ఫోనందుకున్నాడు. రొప్పుతున్నాడు.

"అన్నీ ఆపాం. ఒకావిడది మేం వెళ్లేసరికే ఆగి ఉంది, తనే గొట్టం లాగేసుకుంది. వణుకుతోంది మేజర్. చల్లటి నీళ్లు పొయ్యమంటోంది. పొయ్యమంటారా?"